డొంక కంప కొట్టే ముందు గొలుసు పట్టండి

కోతల ముందు ఊరూరా ఒక మాట లేస్తుంది: డొంకల పక్క కంప కొట్టించాలి. పంచాయతీకి ఎవరో ఒకరు అర్జీ పెడతారు. పొక్లెయిన్ వస్తుంది. రెండు రోజుల్లో దారి బోడిగుండులా తేలుతుంది. మంచి పని జరిగిందని ఊరంతా అనుకుంటుంది. జరిగిందా? జరిగితే ఎవరికి?

కంప మీద మనకేమీ మమకారం లేదు. సర్కారు తుమ్మ అనండి, చిల్లచెట్టు అనండి, అది మన నేల చెట్టు కాదు. మధ్య, దక్షిణ అమెరికాల మొక్క. 1877లో, మద్రాసు ప్రభుత్వపు అటవీశాఖ రోజుల్లో, కడప జిల్లా కమలాపురం దగ్గర దాని విత్తనం వేశారు. ఆ తర్వాత మెట్ట ప్రాంతాల్లో వంటచెరుకు కోసమని ప్రభుత్వాలే పెంచాయి. సర్కారు పేరు దానికి ఊరికే అంటుకోలేదు. మేకలూ పశువులూ కాయలు తింటాయి, పేడలో గింజ పడుతుంది, పడినచోట మొలుస్తుంది. చెరువు గర్భం, కాలవ గట్టు, డొంక, దేన్నీ వదల్లేదు. ముల్లు ఎద్దు గిట్టలో దిగుతుంది, ట్రాక్టరు టైరులోనూ దిగుతుంది. రోడ్డు మలుపుల్లో ఎదురొచ్చే బండి కనపడకుండా చేస్తుంది. ఆ మలుపుల దగ్గర చర్చే అక్కర్లేదు, రేపే కొట్టెయ్యాలి.

పేచీ అంతా మిగతా డొంక దగ్గర. అర్జీ పెట్టింది ఎవరో ఒకసారి చూడండి. చాలా ఊళ్ళలో డొంకకు అటూ ఇటూ పొలం ఉన్న మోతుబరే. ఆయనకు దారి మీద ఇంత శ్రద్ధ ఎందుకు పుట్టింది?

ఎవరూ అనుకోకుండానే ఈ కంప ఒక పని చేస్తోంది. డొంక వెడల్పును పట్టి ఉంచుతోంది. రెవెన్యూ లెక్కల్లో డొంక ప్రభుత్వ భూమి. దాని వెడల్పు ఎఫ్.ఎం.బి.లో ఉంటుంది. నేల మీద మాత్రం హద్దురాళ్ళు ఎప్పుడో మాయమయ్యాయి. మిగిలిన హద్దు ముళ్ళకంపే. అది పోయిన ఏడు ఒక సాలు డొంకలోకి వస్తుంది, మరుసటేడు రెండు సాళ్ళు. కొన్నేళ్ళకు రెండు బళ్ళు తప్పుకునే దారి ఒక్క ట్రాక్టరు కూడా ఒరుసుకుంటూ పోయే బాట అవుతుంది. అడిగితే "మా తాతల నాటి నుంచీ ఇంతే" అంటారు. సాక్ష్యం చెప్పాల్సిన చెట్టును పంచాయతీ ఖర్చుతోనే పెరికించారాయె!

దెబ్బ ఎవరికి? డొంక చివర అరెకరం, ఎకరం ఉన్నవాడికి. అక్కడే ఎక్కువగా దళితులకు ఇచ్చిన అసైన్‌మెంటు పట్టాలుంటాయి. కోత మిషను లోపలికి పోదు, ఎరువు బస్తా నెత్తిన మొయ్యాలి, గట్టు మీద నడవడానికి పెద్దరైతును అడుక్కోవాలి. దారి కోసం దణ్ణం పెట్టిన మనిషి కూలి రేటు దగ్గరా, ఓటు దగ్గరా గొంతెత్తగలడా? చివరికి ఆ ఎకరం ఎవరికి అమ్ముకోవాలో కూడా దారే నిర్ణయిస్తుంది.

అలాగని కంప ఉంచేద్దామా? అది కూడా కుదరదు. కంప హద్దు కాస్తుంది సరే, రెండువైపుల నుంచీ దారిలోకి తనే జరుగుతుంది. పెద్దరైతు తినేదానికి బదులు చెట్టు తింటుంది, అంతే తేడా.

కంప పేదల చెట్టు అనే మిత్రులున్నారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. 2016 నుంచి ఉజ్వల కింద గ్యాసు పొయ్యిలు ఇచ్చారు గాని, బండ మళ్ళీ నింపించాలంటే కూలి ఇంట్లో లెక్క వేసుకోవాలి. పొయ్యి కిందికి ఇప్పటికీ కంపే దిక్కైన ఇళ్ళున్నాయి. ఎండాకాలంలో మేకలకు ఆ కాయలే మేత. మరుగుదొడ్డి ఉన్నా నీళ్ళు రాని వాడలో ఆడవాళ్ళకు మరుగు కూడా ఆ కంపే. ఇది రాయడానికి సిగ్గుపడాల్సింది మనం కాదు. కాబట్టి కొట్టిన కట్టె ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. చాలాచోట్ల అది కారుచౌకగా పాటలో బొగ్గుబట్టీ కాంట్రాక్టరుకు పోతుంది. ఆ కట్టె కూలి కుటుంబాలకు పంచాలని, పాట పెడితే ఆ డబ్బు అదే డొంకకు ఖర్చు చెయ్యాలని తీర్మానంలో ముందే రాయించాలి.

పని చేసే తీరు కూడా చూడాలి. ఈ చెట్టును పైకి నరికితే మొదలు నుంచి నాలుగైదు కొమ్మలు వేసి ముందుకంటే గుబురుగా లేస్తుంది. మళ్ళీ బిల్లు పెట్టుకోవచ్చు గనక కాంట్రాక్టరుకు అది నష్టం కాదు. నేలలోకి జానెడు తవ్వి మొద్దు తియ్యాలి. మనుషులు చేస్తే కూలి ఊళ్ళోనే ఉంటుంది. 2005 ఉపాధి హామీ చట్టం కింద మన గ్రామాల్లో కంప తొలగింపు పనులు జరిగాయి కూడా.

తీసినచోట ఏదో ఒకటి నాటకపోతే మళ్ళీ అదే మొలుస్తుంది. కానుగ మంచిది. కొమ్మ కొట్టుకుంటే వరికి పచ్చిరొట్ట. వేప, చింత, నేరేడు ఉండనే ఉన్నాయి. అందంగా, పచ్చగా ఉంటుందని కోనోకార్పస్ జోలికి మాత్రం పోవద్దు. తెలంగాణలో దాన్ని రోడ్ల వెంట విరివిగా నాటి, 2022లో ఇక వద్దనుకోవాల్సి వచ్చింది.

వీటన్నిటికంటే ముందు కొలత. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామ రోడ్లు పంచాయతీవి. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు గ్రామ సర్వేయర్లను నియమించారు, 2020 డిసెంబరులో రీసర్వే మొదలుపెట్టారు. అయితే దున్నేసిన డొంక డ్రోనుకు చేనులాగే కనపడుతుంది. అందుకే పాత ఎఫ్.ఎం.బి. పట్టుకుని, డొంక చివరి రైతులను పక్కన నిలబెట్టి, కంప ఉండగానే కొలవాలి. రాళ్ళు పాతాలి. ఆ తర్వాతే పలుగు పడాలి. రాళ్ళకు నిధుల్లేవని సర్పంచిగారు అంటారు. పొక్లెయిన్ బాడుగకు నిధులు ఎక్కడివో ఆయన్నే అడగాలి.

కంప ఇప్పటికే కొట్టేసిన ఊళ్ళలో రైతుసంఘం, వ్యవసాయ కార్మికసంఘం కార్యకర్తలు డొంక కొలత కాగితం కోసం పంచాయతీలో దరఖాస్తు పెట్టాలి. తొలకరి దుక్కి లోపలే పెట్టాలి. ఒకసారి నాగలి దిగాక ఆ భూమిలో పంట ఉందని, పంట మీద కొలవకూడదని అంటారు.