కెమెరా తిప్పి చూపించండి

సంపాదకులకు,

హైదరాబాద్ వీధి ఫొటోల మీద గత సంచికలో వేసిన పేజీలు ముచ్చటగా ఉన్నాయి. చార్మినార్, లాడ్ బజార్, మోండా మార్కెట్, అబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారు... ఎక్కడ జనం ఎక్కువ, ఏ వేళ వెలుతురు బాగుంటుంది, ఏ లెన్సు పనికొస్తుంది, అన్నీ రాశారు. చార్మినార్ దగ్గర ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలని కూడా గుర్తుచేశారు. రాయికి, గచ్చుకి అనుమతి సంగతి వచ్చింది కానీ మనుషుల అనుమతి సంగతి రాలేదు. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళలో తమ బొమ్మ అచ్చయిందని ఎందరికి తెలుసు?

ఈ మాట అనగానే ఫొటోగ్రాఫర్లు చట్టం తీస్తారు. నిజమే, బజార్లో నడిచే మనిషిని ఫొటో తీయకూడదని నేరుగా చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఎవరూ చూడరనుకునే ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ళ దాకా జైలు. ఎవరివైనా సరే, మర్మాంగాల చిత్రాలు వాళ్ళ సమ్మతి లేకుండా తీసినా, పంపినా ఐటీ చట్టం 66ఈ ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇంటి అవసరాలకు, సొంతానికి వాడుకునే సమాచారాన్ని తన పరిధిలోంచి తప్పించింది. తీసిన ఫొటో వేలమంది చూసేలా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాక కూడా అది సొంత వాడకమేనా? ఆ వాదన నిలవడం కష్టం.

ఇక చట్టం పక్కన పెట్టి ఒక లేబర్ అడ్డా చూద్దాం. తెల్లవారి ఆరున్నర. తాపీలు, పారలు, సంచిలో సద్దిగిన్నె. పని దొరకని పూట ఎనిమిది దాటినా అక్కడే నిలబడాలి. పాలమూరు వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకాయన ఆ వరసలో గోడకానుకుని కూర్చున్నాడు. ఫొటో వాక్‌కు వచ్చిన కుర్రాళ్ళెవరో దూరంనుంచి తీశారు. నీరెండ, నెరిసిన గడ్డం, మోకాళ్ళ మీద చేతులు: బొమ్మ బాగానే కుదిరింది. కింద నిరుద్యోగం మీద నాలుగు మాటలు రాసి పెట్టారు. అది చేతులు మారి ఊళ్ళో వాట్సాప్ గ్రూపులోకి చేరింది. పట్నంలో మేస్త్రీ దగ్గర నెలజీతానికి చేస్తున్నానని ఆయన వియ్యాలవారికి చెప్పుకున్నాడు. “ఫొటో తీస్తే తీసిండ్రు, పని దొరకలేదని ఊరంతా చాటుడెందుకు?” అన్నది ఆయన ప్రశ్న. ఏ సెక్షన్ కిందికీ రాని నష్టం ఇది. ఆ కుర్రాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, ఆయన పక్కన రెండు నిమిషాలు కూర్చోవాలన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు.

పరాయి దేశాల కోర్టులూ ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. మాంట్రియల్‌లో ఒక భవనం మెట్లమీద కూర్చున్న పదిహేడేళ్ళ అమ్మాయి ఫొటో 1988లో ఒక కళల పత్రికలో వచ్చింది. తోటివాళ్ళు నవ్వారు. పత్రిక మీద, ఫొటోగ్రాఫర్ మీద ఆమె వేసిన దావా కెనడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1998లో ఆమే గెలిచింది, పరిహారం రెండు వేల డాలర్లు. న్యూయార్క్‌లో కథ అడ్డం తిరిగింది. టైమ్స్ స్క్వేర్‌లో దారినపోయేవాళ్ళ ముఖాలను ఫిలిప్ లోర్కా డికోర్షియా వాళ్ళకు తెలియకుండా తీసి గ్యాలరీలో పెట్టి అమ్మాడు. అందులో ఉన్న ఒక యూదు పెద్దాయన తన మతవిశ్వాసానికి ఇది విరుద్ధమని కోర్టుకెక్కితే, అది కళ అంటూ 2006లో జడ్జి కేసు కొట్టేశారు. మన కోర్టులు ఎటు మొగ్గుతాయో చూద్దామని కూర్చోనక్కర్లేదు. ఎదుటివాళ్ళ ఇష్టం చూసి కెమెరా పట్టే మర్యాద మన ఊరికి ఎప్పట్నుంచో తెలుసు. ఆరో నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ఆడవాళ్ళే నడిపే జనానా స్టూడియో తెరిచాడు. ఏ చట్టమూ అడగని రోజుల్లో, ఎదుటి మనిషి బిడియానికి తగ్గట్టు దుకాణాన్నే మార్చుకున్న వ్యాపారి ఆయన.

అడిగితే సహజత్వం పోతుందంటారు. ముందే అడిగితే పోతుంది, ఒప్పుకోవాల్సిందే. జుట్టు సవరించుకుని, నవ్వు మొహానికి పులుముకుని నిలబడతారు. కానీ తీశాక అడగడానికి ఏం అడ్డం? గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు వేకువనే వెళ్ళేవాళ్ళలో కొందరు చేస్తున్నదదే. బంతిపూల గుట్ట వెనక మూరలు కొలిచే ఆమెను తీస్తారు, దగ్గరికెళ్ళి కెమెరా తిప్పి తెరమీద చూపిస్తారు. “అగో, నా చెయ్యి ఎంత నల్లగ పడ్డదో” అని ఆమె నవ్వితే ఆ ఫొటోకు దారి దొరికినట్టే. మొహం తిప్పుకుంటే అక్కడే చెరిపేస్తారు. పాతబస్తీలో “నక్కో భాయ్” అన్న రెండు మాటలు చాలు, ఇంకో వాదన అక్కర్లేదు. ఇలా చూపించి తిరిగేవాళ్ళను అంగడివాళ్ళు తర్వాతి వారం పిలిచి మరీ చాయ్ పోస్తారు. పెద్ద లెన్సుతో రోడ్డవతలి నుంచి తీసేవాడికి ఆ చాయ్ రాదు, అంత దగ్గరి ఫొటో అంతకన్నా రాదు. పసిపిల్లల విషయంలో మాత్రం పక్కనున్న అమ్మనో నాన్ననో అడగకుండా ఫొటో ఎక్కడా పెట్టనే కూడదు.

ఇంకో సంగతి. ఇదే నగరంలో 2021 లాక్‌డౌన్ వేళ పోలీసులు రోడ్డుమీద ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకున్నారంటూ ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టుకు వెళ్ళాడు. ముఖాలను గుర్తుపట్టే యంత్రాల మీదే ఆయన పిటిషన్. కెమెరా చూస్తే జనం ఉలిక్కిపడటానికి కారణాలున్నాయి. ఖాకీ కెమెరాకూ, ఫొటో వాక్ కెమెరాకూ తేడా ఏమిటో అడ్డామీద కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది, పట్టుకున్నవాడు వచ్చి చెబితే తప్ప?

వీధి ఫొటోలు తీయొద్దని కాదు. జుమ్మేరాత్ బజార్లో పాత తాళాల కుప్పమీద వంగిన బేరగాణ్ణి, రంజాన్ రాత్రి గాజుల దుకాణం దీపాల కింద కిక్కిరిసిన జనాన్ని ఎవరో ఒకరు తీయకపోతే రేపు ఈ ఊరు ఎలా ఉండేదో తెలియదు. గుంపును గుంపుగా తీస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఒక్క మనిషి ముఖమే బొమ్మంతా అయినప్పుడే ఈ పేచీ.

తమ పత్రిక ఏటా పెట్టే ఫొటో పోటీ దరఖాస్తులో పేరు, ఊరు, కెమెరా రకం అడుగుతున్నారు. ఈసారి ఇంకో గడి చేర్చండి: “ఈ ఫొటో అందులో ఉన్నవారికి చూపించారా?” చూపించలేదన్నవాటిలో ఒంటరి ముఖాలుంటే బహుమతికి తీసుకోకండి. గత సంచిక 34వ పేజీలోని గాజుల బట్టీ ముసలాయనకు ఒక ప్రతి పంపించండి. చిరునామా ఫొటో తీసినవారికి తెలిసే ఉంటుంది.

— ఒక పాఠకుడు, సికింద్రాబాద్