వీడియో దయ్యాలు – భయానక రసం

దీపం నేలమీద ఉన్నప్పుడే గోడమీది నీడ పెద్దదిగా కనిపిస్తుంది. అల్పవ్యయంతో వీడియో టేపుపై చిత్రించిన భయానక చిత్రాల సంగతీ ఇంతే. వాటి సాధనసంపత్తి స్వల్పం. అవి వేసే నీడ దీర్ఘం.

మన కళాశాల విద్యార్థులు కొందరు సెల్‌ఫోనుతో దయ్యాల కథలను చిత్రిస్తున్నారు. వార్షికోత్సవంలో వాటిని ప్రదర్శింపవచ్చునా, కూడదా అన్న ప్రశ్న తలెత్తింది. ఇది చౌకబారు వ్యవహారమని కొందరు పెద్దల అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే, ఈ ప్రక్రియ పూర్వచరిత్రను ఒకమారు పరిశీలింపవలసిందిగా మనవి చేస్తున్నాను.

1980వ దశకంలో అమెరికాలో వీడియో కాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలు ఊరూరా వెలిశాయి. సినిమా హాలులో చోటు దొరకని చిత్రానికి ఆ దుకాణాలలో చోటు దొరికింది. ఫిల్ము కొనే స్తోమత లేనివారు వీడియో టేపుపైనే చిత్రాలు తీయసాగారు. డేవిడ్ ప్రయర్ 1983లో తీసిన ‘స్లెడ్జ్‌హామర్’, క్రిస్టఫర్ లూయిస్ 1985లో టల్సా నగరంలో తీసిన ‘బ్లడ్ కల్ట్’ ఈ కోవలోనివి. రెండవది సినిమా హాళ్ల కోసం గాక, ఇంట కూర్చుండి చూచే ప్రేక్షకుల కోసమే తీయబడినది.

వీటి ఆకర్షణకు మూలం వీటి పేదరికమే. పాడుపడిన రాజమహలు మనది కాదు గనుక దానిలోని దయ్యమూ మనది కాదు. వీడియో చిత్రంలో కనిపించేది అలాంటి మహలు కాదు, సామాన్యుని వంటిల్లు. పెండ్లి కాసెట్టులో మనం చూచిన వెలుతురే అందులోనూ ఉంటుంది. అటువంటి ఇంట తలుపు తనంత తానుగా కదిలితే, మన ఇంటి తలుపువైపు ఒకసారి చూడక తప్పదు. 1999లో వచ్చిన ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ కొంత వీడియోపై, కొంత 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై చిత్రింపబడింది. అందులో మంత్రగత్తె ఒక్కసారైనా తెరమీద కనిపించదు. అయినా ఆ చిత్రం లోకాన్ని భయపెట్టింది. చూపలేకపోవడం, చూపకపోవడం ఒకటి కాదు. మొదటిది లోటు, రెండవది కళ. సమర్థుడు మొదటిదానిని రెండవదిగా మార్చుకుంటాడు.

ఇక లోపాలు. మాట సరిగా వినిపించదు. కథ చాలక నిడివిని సాగదీస్తారు. ‘స్లెడ్జ్‌హామర్’లో మనుషులు నడిచే సామాన్య దృశ్యాలను సైతం మందగతిలో చూపి కాలం గడిపారు. అంతకంటె పెద్ద లోపం రసానికి సంబంధించినది. భయానకానికి స్థాయీభావం భయం, బీభత్సానికి జుగుప్స. భయాన్ని నిలుపలేని దర్శకుడు ఎర్రరంగు నీళ్లను ఆశ్రయిస్తాడు. ఈ జాడ్యాన్ని ఈ ప్రక్రియే స్వయంగా ఎత్తిచూపింది. గ్యారీ కోహెన్ 1987లో తీసిన ‘వీడియో వయొలెన్స్’లో ఒక జంట చిన్న ఊరిలో కాసెట్ల దుకాణం తెరుస్తుంది. అక్కడివారికి రక్తపాతం తప్ప మరేదీ రుచింపదు. ఒకనాడు తిరిగివచ్చిన కాసెట్టులో నిజమైన హత్యే ఉంటుంది!

అన్నింటికంటె గురుతరమైన లోపం మరొకటి. తెరపై కీడు ఎక్కడినుండి వస్తున్నది? ఒక ముసలమ్మ చేతికి నిమ్మకాయలిచ్చి, ఒక ఫకీరు మెడలో పూసల దండ వేసి, కీడంతా వారిదేనని తేల్చివేయడం సులభం. దానికి ఖర్చు లేదు, ఆలోచన అంతకంటె లేదు. కాని మన పల్లెలలో బాణామతి, చేతబడి అనే అనుమానంతో నిజమైన మనుషులు హత్యకు గురైనారు. అటువంటి నేలమీద ఈ కల్పన కేవలం కల్పనగా మిగలదు.

మరో మార్గం లేకపోలేదు. 1992లో నైజీరియాలో వీడియో టేపుపై ఇగ్బో భాషలో ‘లివింగ్ ఇన్ బాండేజ్’ వెలువడింది. ధనాశకు లోనై ఒకడు భార్యను బలి యిస్తాడు. ఐశ్వర్యం వస్తుంది, దానివెంట ఆమె ప్రేతమూ వస్తుంది. అక్కడ భయపడవలసినది ఊరి చివరి ముసలమ్మను కాదు, మంచి బట్టలు తొడిగిన మనలోని దురాశను. ఈ కథ చెప్పడానికి పెద్ద పెట్టుబడి అవసరపడలేదు.

2016లో వీసీఆర్ల తయారీ కూడ ఆగిపోయింది. ఆ యంత్రం పోయినా, ఆనాటి అవకాశం నేడు ప్రతి విద్యార్థి జేబులోనూ ఉన్నది. కనుక ఈ చిత్రాల ప్రదర్శనకు అనుమతి నొసగవలసిందిగా కళాశాల సంఘాన్ని కోరుతున్నాను. చౌకదనం అభ్యంతరానికి కారణం కారాదు. అన్యాయం ఉంటే మాత్రం అభ్యంతరం చెప్పవలసిందే.

విద్యార్థులారా! డబ్బు లేదని చింతింపకండి. వెలుతురు చాలకపోతే చీకటిని వాడుకోండి. కాని ఆ చీకటిలో ఎవరిని నిలబెడుతున్నారో చిత్రించక ముందే ఆలోచించండి. బీదరికానికి క్షమాపణ చెప్పనక్కరలేదు. నిరపరాధిని దయ్యంగా చూపితే ఏ క్షమాపణా చాలదు.