వేషములు పెక్కు, నటుడొక్కడు



మన రాయదుర్గమునుండియే యొక సోదరి గతమాసమున నాకు లేఖ వ్రాసినది. ఆమె కుమారుడు పట్టభద్రుడు. ఇచ్చటి గాజుమేడలలో నొకదానియందు మంచి యుద్యోగము చేయుచున్నాడు. ఇప్పుడు దానిని విడిచి నటుడనయ్యెదనని పట్టుపట్టినాడట. కథానాయకుడగు రూపము తనకు లేదని వానికే తెలియును. తండ్రియైనను, తాతయైనను, సేవకుడైనను, దుష్టుడైనను సరేయనుచున్నాడట. నాయకుడు కాని నటుని నెవ్వరు తలతురు, వేషగాని బ్రతుకునకు గౌరవమెక్కడిదియని యామె ప్రశ్న. ఒక్కమాటతో దీర్చదగిన ప్రశ్న కాదిది. కావున నీ నెల యొక నటుని జీవితమును మీ ముందుంచుచున్నాను.

నాయకపాత్రకై ప్రాకులాడక, ఏ పాత్ర నిచ్చిన నా పాత్రయే తానగు నటులు ప్రతిదేశమునను గలరు. స్కాట్లండు దేశమున ఎడింబరో నగరమందు 1900 సంవత్సరమున జన్మించిన అలస్టెయిర్ సిమ్ అట్టివాడు. 1951లో స్క్రూజి యను పిసినారి వృద్ధుడై మెప్పించి, 1954లో నొక బాలికా పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలై, అదే చిత్రమున నామె సోదరుడును తానేయై నటించెను. స్థానం నరసింహారావుగారి సత్యభామను గూర్చి పెద్దలవలన వినిన మనకిది వింత గాదు. అయినను ఇన్ని విధములైన పాత్రలను ఒక్క శరీరమున నిలిపినవారిలో మన తెలుగువారి కగ్రగణ్యుడు సామర్ల వెంకట రంగారావుగారు.

వీరు 1918 జూలై 3వ తేదీన కృష్ణాజిల్లా నూజివీడున జన్మించిరి. బాల్యమున నాయనమ్మ సంరక్షణమున మద్రాసునందు చదివి, పిదప కాకినాడ చేరిరి. అచ్చటి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ అను నాటకసమాజమే వీరికి నిజమైన గురుకులము. తరువాత ప్రసిద్ధికెక్కిన అంజలీదేవి, ఆదినారాయణరావుగార్లును ఆ రంగస్థలముననే యుండిరి. బి.యస్సి. పట్టము పుచ్చుకొని రంగారావుగారు అగ్నిమాపకశాఖలో నుద్యోగమున బ్రవేశించిరి. కొంతకాలమునకు దానిని వదలి, ‘వరూధిని’ చిత్రమున ప్రవరాఖ్యుడైరి. పెద్దనగారి మనుచరిత్రమును చదివిన వారికి ఆ పాత్ర యెట్టిదో చెప్పనక్కరలేదు. కాని చిత్రము జనాదరణము పొందలేదు.

సోదరీ, నీవిచ్చట నిలిచి యోచింపవలెను. ఓడిన యా యువకుడు చిత్రశాలల వాకిళ్లయందు పడిగాపులు పడలేదు. జంషెడ్పురమునకు బోయి టాటావారి కర్మాగారమున నుద్యోగమునకు గుదిరెను. 1947లో వివాహమాడి గృహస్థుడయ్యెను. మరల ‘పల్లెటూరి పిల్ల’ చిత్రమునకు పిలుపు రాగా, అదే సమయమున తండ్రి గతించెను. కర్మకాండ ముగించి చేరునప్పటికి ఆ ప్రధానపాత్రము పరహస్తగతమై యుండెను. చిన్నవేషముతోనే తృప్తిపడి పనిచేసెను. 1950లో ‘షావుకారు’ చిత్రమున సున్నపు రంగడను రౌడీ పాత్రముతో జనుల కన్ను వీరిపై బడినది. 1951లో ‘పాతాళభైరవి’ యందలి నేపాళ మాంత్రికుడు వీరిని ఇంటింటివాని జేసెను. మొదటి యోటమికిని ఈ గెలుపునకును నడుమ గడచిన యేండ్లలో వీరికి దన్నుగా నిలిచినవి చదువును, ఉద్యోగమును, కుటుంబమును.

ఇక వీరి విద్య యెట్టిదో చూతము. 1957 నాటి ‘మాయాబజారు’ కథ వ్యాసభారతమున లేదు, జనులు కల్పించుకొన్నది. అందలి ఘటోత్కచునకు శాస్త్రప్రమాణమేదియు లేదు. రంగారావుగారే ప్రమాణమైరి. భారీకాయము, గదాధారణము, మేఘగర్జనమువంటి కంఠము. ఆ పైని పసిపిల్లవాని యల్లరి. విందుభోజనపు పాట మాధవపెద్ది సత్యంగారిదైనను, అది రంగారావుగారి నోటినుండియే వచ్చినట్లు మనకు దోచును. అదే చిత్రమున ఘటోత్కచుడు మాయాశశిరేఖయైనపుడు సావిత్రిగారు వీరి నడకను, మీసము దువ్వుటను, తలయెగురవేయుటను తన సుకుమారదేహమున దెచ్చి చూపినది. చూచిన పసివాండ్రును ఇది ఘటోత్కచుడేయని గుర్తింతురు. ఒక నటుని తీరు మరియొకరి దేహమున సైతము గుర్తింపబడుటకంటె ఆ నటునకు వేరు యోగ్యతాపత్రమేల?

వీరి కీర్తికి శిఖరము 1963 నాటి ‘నర్తనశాల’. నటీమణి లక్ష్మీరాజ్యముగారును, ఆమె భర్త శ్రీధరరావుగారును నిర్మించిన యీ చిత్రమున వీరు కీచకుడు. 1964లో జకార్తానగరమందలి ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుడను బహుమానము వీరికి లభించెను. తిక్కనసోమయాజిగారి విరాటపర్వమును మనలో పెక్కురు చదివినవారమే. అందు కీచకుడు కోరలుగల రాక్షసుడు కాడు. అందగాడు, బలశాలి, రాజ్యమునకు మూలస్తంభము, రాణిగారి తమ్ముడు. రంగారావుగా రా మర్మము నెరిగి పట్టుపుట్టములతో, చిరునవ్వుతో, ఠీవితో నడచిరి. అందువలననే సైరంధ్రి భయము మనకు నిజమైన భయముగా దోచును. పనికత్తెకు ముప్పు చీకటిలోని దొంగవలన గాక, ఇంటిలోని మర్యాదస్తునివలన వచ్చినది. తెలిసి తెలిసి యామెను మద్యపాత్రతో తమ్మునింటికి బంపిన సుధేష్ణ దోషము తక్కువదా? మన మేడలయందు నిత్యము పనిచేసిపోవు స్త్రీలు తమ కష్టమును చెప్పుకొనవచ్చినపుడు, ‘మావాడట్టివాడు కాడు’ అని నోరుమూయించు గృహిణి ప్రతిదియు నొక సుధేష్ణయే. ఇంత తెలివిని మనకు దెచ్చిన నటుని ‘దుష్టపాత్రధారి’యని తృణీకరింపవచ్చునా?

గృహస్థపాత్రములయందును వీరు తక్కువవారు గారు. 1955 నాటి ‘బంగారుపాప’ ఆంగ్లరచయిత్రి జార్జి ఎలియట్ నవల ‘సైలస్ మార్నర్’ ననుసరించి బి. ఎన్. రెడ్డిగారు తీసినది. లోకముచే మోసపోయి కఱకువారిన కోటయ్య, దిక్కులేని పసిపాపను పెంచుచు క్రమక్రమముగా మెత్తబడును. తల్లితన మాడుదాని సొత్తు మాత్రమే కాదని యా పాత్రము చెప్పును. 1962లో ‘గుండమ్మకథ’ యందు యుక్తిపరుడైన తండ్రి. 1967లో ‘భక్తప్రహ్లాద’ యందు, పోతనగారి సప్తమస్కంధమునందువలెనే, పుత్రప్రేమకును గర్వమునకును నడుమ నలుగు హిరణ్యకశిపుడు. 1973లో ‘తాతామనవడు’ నందు కన్నకొడుకు నిరాదరణకు గురియైన వృద్ధుడు. అరవపు చిత్రములయందును వీరికి సమానగౌరవము. ‘చదరంగము’, ‘బాంధవ్యములు’ అను చిత్రములకు దర్శకత్వము వహించి రెంటికిని నంది బహుమతుల నందిరి. కథలుకూడ వ్రాసిరి. 1974 జూలై 18న మద్రాసున హృద్రోగముచే దివంగతులగునప్పటికి వీరి వయస్సు ఏబదియారేండ్లు మాత్రమే. పద్మబిరుదములేవియు రాలేదు. ప్రజలిచ్చిన ‘విశ్వనటచక్రవర్తి’ బిరుదమే నిలిచినది.

సోదరీ, ఇక నీ ప్రశ్నకు వత్తును. నాయకుడు కానివాని నెవ్వరు తలతురనుట నిలువదు. చనిపోయిన యర్ధశతాబ్దమునకును ఘటోత్కచుని నవ్వు మన పిల్లల చేతిఫోనులలో మ్రోగుచునేయున్నది. కాని నీ కుమారునకు రంగారావుగారి కీర్తిని మాత్రమే చూపకుము. కాకినాడ రంగస్థలమును, జంషెడ్పురపు ఉద్యోగమునుకూడ చూపుము. ముందుగా సాయంకాలములందు నాటకసమాజమున నొకటి రెండేండ్లు శ్రమింపుమనుము. చిన్నవేషమిచ్చిన నది పెద్దవేషమువలె సాధన చేయుచున్నాడేమో చూడుము. ఓడినచో మరల కొలువు చేయుటకు సిగ్గుపడనని మాట తీసికొనుము. ఇవి యన్నియు సమ్మతించిన పిల్లవానికి అడ్డుపడుట న్యాయము గాదు. ఒక్కటికిని సమ్మతింపనిచో, వానికి గావలసినది నటన కాదు, పేరు మాత్రమేయని గ్రహింపుము.

వచ్చు నెల ఈ శీర్షికయందు మన యత్తగార్లందఱికిని కీర్తియో యపకీర్తియో తెచ్చిన సూర్యకాంతమ్మగారిని గూర్చి ముచ్చటింతును.