బిల్లులో ఉన్నాడు, కొలువులో లేడు

నేను వాదించేవి రెండు రకాల కేసులు: విద్యుత్ నియంత్రణ కమిషన్ ముందు టారిఫ్‌వి, లేబర్ కోర్టులో కార్మికులవి. రెండు చోట్లా కనిపించేది ఒకే కాంట్రాక్టు కార్మికుడు. కమిషన్ ముందు పంపిణీ సంస్థ అతని కూలిని తన నిర్వహణ ఖర్చుగా చూపి, మన బిల్లుల్లో రాబట్టుకుంటుంది. పర్మినెంట్ చేయమని అతను కోర్టుకెక్కితే, అదే సంస్థ ‘మా మనిషి కాడు, కాంట్రాక్టరు మనిషి’ అంటుంది.

ఖర్చు సంస్థది, మనిషి మాత్రం ఎవరికీ చెందడా?

కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా కార్మికులు వెంటనే ప్రధాన యజమాని ఉద్యోగులైపోరని 2001లో సెయిల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాంట్రాక్టు బూటకమని రుజువు చేసుకోవాల్సింది స్తంభమెక్కినవాడే. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలో రిజర్వేషన్ ఊసే ఉండేది కాదు. రాజ్యాంగంలోని 16(4) అధికరణాన్ని రద్దు చేయనక్కర్లేదు, టెండరు పిలిస్తే చాలు.

1942-46 మధ్య వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖనూ, విద్యుత్ విధానాన్నీ బాబాసాహెబ్ ఒక్కరే చూశారు. ఆ రెంటినీ ఇవాళ వేర్వేరు గదుల్లో పెట్టి తలుపులేశారు.

2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం టారిఫ్‌పై ప్రజల అభ్యంతరాలు వినాల్సిందే. లా విద్యార్థులారా, ఈసారి యూనిట్ ధరతో ఆగకండి. ఆ ఖర్చు వెనకున్న మనుషులెందరు, వారిలో దళిత, ఆదివాసీలెందరు, స్తంభం మీద చనిపోయినవారెందరు? ఈ లెక్క అడగండి.