ఫాంటు చాటున పాఠం: వృత్తిపద సేకరణ ఫైళ్ల విశ్వసనీయత

తెలుగు పరిశోధనలో క్షేత్రసేకరణకున్న గౌరవం, సేకరించిన పాఠాన్ని కంప్యూటర్‌లో నిలిపే పద్ధతికి దక్కడం లేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో వెలువడింది. పదాన్ని దాని ప్రాంతంతో ముడిపెట్టడమే ఆ పద్ధతికి ప్రాణం. అదే మార్గంలో నంద్యాల జిల్లా బేతంచెర్లలో నాపరాతి గనుల, పాలిష్ ఫ్యాక్టరీల పదజాలాన్ని ఒక పరిశోధకుడు సేకరించాడనుకుందాం. తాండూరు నాపరాతి పనివారి పదాలతో పోల్చి చూసినప్పుడే ఆ శ్రమ సార్థకమవుతుంది. అందుకు ఫైలు మరొకరి కంప్యూటర్‌లో తెరుచుకోవాలి. వెతికిన పదం దొరకాలి.

అచ్చుపని కోసం రూపొందిన అను వంటి పాత ఫాంట్లలోని ఫైలు ఈ పరీక్షకు నిలవదు. అందులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు. రోమన్ లిపి స్థానాల్లో కూర్చిన అక్షరఖండాలు. ఫాంటు లేని చోట అవి అర్థంలేని గుర్తులుగా మిగులుతాయి. యూనికోడ్‌లో ‘బేతంచెర్ల’ తొమ్మిది సంకేతాల వరుస. యూటీఎఫ్-8 పద్ధతిలో 27 బైట్లు. ఏ ఫాంటులో చూపినా ఆ వరుస మారదు.

పీడీఎఫ్ ఉంటే చాలుననే వాదన తరచుగా వినిపిస్తుంది. పీడీఎఫ్ పుట రూపాన్ని కాపాడుతుంది, పాఠాన్ని కాదు. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం నకలు తీస్తే మళ్లీ ఆ గుర్తులే వస్తాయి.

యూనికోడ్‌కు మారినంత మాత్రాన బాధ్యత తీరదు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కూర్పుగానూ రాయవచ్చు; కంటికి ఒకటే అయినా వెతుకులాటలో అవి వేరుపడవచ్చు. మాండలిక ఉచ్చారణకు కీలకమైన ౘ, ౙ అక్షరాలు 2008లో గాని యూనికోడ్‌లో చేరలేదు. పంక్తి ముగింపును విండోస్, లినక్స్ వేర్వేరుగా గుర్తిస్తాయి; లినక్స్‌లో పంక్తికొక పదంగా రాసిన పట్టిక 2018కి ముందరి నోట్‌ప్యాడ్‌లో ఒకే పంక్తిగా కలిసిపోయేది.

కాబట్టి పాఠాన్ని మూటగట్టి పంపడానికి ఒక నియమం కావాలి. పాఠం యూటీఎఫ్-8లో, ఏకరూప సంకేతాలతో ఉండాలి. ఫైలు పేర్లు సాదా రోమన్ అక్షరాల్లో ఉండాలి. సేకరణ స్థలం, తేదీ, లేఖన నియమాలు, పంక్తి ముగింపు విధానం తెలిపే వివరణ పత్రం జతకావాలి. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఎ-256 ముద్ర ఉండాలి. ఒక్క అక్షరం మారినా అది పట్టిస్తుంది. 2018లో ఆర్‌ఎఫ్‌సి 8493గా వెలువడిన బ్యాగిట్ విధానం పాఠాన్ని ఒక అరలో, ముద్రల పట్టికను దాని పక్కన ఉంచే ఇలాంటి అమరికనే నిర్దేశిస్తుంది. ఆ మొత్తాన్ని ఒక జిప్ ఫైలుగా పంపవచ్చు.

ఇది సాంకేతిక నిపుణుల పని అని తప్పుకోవడం తెలుగు శాఖలకు తగదు. తాళపత్ర ప్రతిని పరిష్కరించేవారు పత్రాల సంఖ్యను, లోపించిన భాగాలను, లేఖక స్ఖాలిత్యాలను నమోదు చేయనిదే ఆ పరిష్కరణను పండితలోకం అంగీకరించదు. కంప్యూటర్ ప్రతికి ఆ నియమం సడలడానికి హేతువు లేదు. సిద్ధాంతగ్రంథంతో పాటు సేకరణ పాఠాన్నీ ఈ రూపంలో సమర్పించాలని విశ్వవిద్యాలయాలు నిబంధించాలి. మరొకరు తెరిచి సరిచూడలేని సేకరణ ఆధారం కాదు, కేవలం ఉటంకింపు.