పచ్చదనం డిలీట్ అయిన మల్లె

సింగరాయకొండలో ట్రైన్ దిగి కందుకూరు వైపు వెళ్తే, చలికాలంలో పొగాకు చేలు కనిపిస్తాయి. కొన్ని చేలల్లో పొగాకు మొక్క మొదట్లో నేల చీల్చుకుని జానెడు కాడ ఒకటి లేస్తుంది. పాలిపోయిన రంగు, ఆకుల బదులు పొలుసులు, పైన నీలిఛాయ పూలు. దాని పేరు పొగాకు మల్లె. బోడు అని కూడా అంటారు. పేరులో మల్లె ఉన్నా రైతుకు దాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది. దాని వేరు పొగాకు వేరులోకి దూరి నీళ్లు, పంచదార అన్నీ లాగేస్తుంది మరి. ఒంట్లో ఎక్కడా ఆకుపచ్చ ఉండదు.

ఎండతో వంట చేసుకోవడం మానేసిన మొక్కలో ఆ వంటింటి సామానంతా ఏమైపోతుంది? ఈ వారం సంగతి అదే.

మొక్కకు వంటిల్లు క్లోరోప్లాస్ట్. స్కూల్లో హరితరేణువు అని చదువుకున్నాం. ఒకప్పుడు అది విడిగా బతికిన బ్యాక్టీరియా. వంద కోట్ల ఏళ్లకు ముందే మొక్కల పూర్వీకుల కణంలో చేరి అక్కడే ఉండిపోయింది. అందుకే దానికి సొంత డీఎన్ఏ ఉంది. ఈ డీఎన్ఏని మొత్తంగా చదివిన తొలి మొక్కల్లో పొగాకు ఒకటి. 1986లో జపాన్ శాస్త్రవేత్తలు చదివారు. సుమారు 1,56,000 అక్షరాలు. ఫైల్‌గా దాస్తే 40 కేబీ లోపే, ఒక చిన్న వాట్సాప్ స్టిక్కర్ అంత.

1992లో మన బోడుకు అమెరికాలో ఉన్న చుట్టం ఒకదాన్ని చదివారు. బీచ్ చెట్ల వేళ్ల మీద బతికే ఎపిఫాగస్ అది. 70,028 అక్షరాలే మిగిలాయి. కిరణజన్య సంయోగక్రియ జీన్లు పనిచేసే స్థితిలో ఒక్కటీ లేవు.

ఆర్కిడ్లలోనూ ఇలాంటివి 200 జాతులకు పైగా ఉన్నాయి. అవి దోచుకునేది శిలీంధ్రాల దగ్గర. ఆస్ట్రేలియాలో నేల లోపలే పూసే రైజాంథెల్లా అనే ఆర్కిడ్‌లో 59,190 అక్షరాలు ఉన్నాయని 2011లో తేలింది. ఇండియాలోనూ పెరిగే ఎపిపోగియం రోజియం అనే ఆర్కిడ్‌లో అయితే దాదాపు 19,000 మాత్రమే. అంటే 5 కేబీ!

ఇదంతా ఎవరు డిలీట్ చేశారు? ఎవరూ చేయలేదు. డీఎన్ఏలో తప్పులు అన్ని మొక్కల్లోనూ పడుతూనే ఉంటాయి. పచ్చటి మొక్కలో వంట జీన్ చెడితే ఆ మొక్క ఆకలితో పోతుంది, తప్పు కూడా దాంతోనే పోతుంది. దొంగ మొక్కకు భోజనం వేరేచోట నుంచి వస్తోంది కాబట్టి జీన్ చెడినా ఏమీ కాదు. ఏ టెస్టూ ఫెయిల్ అవ్వదు. తప్పులు పేరుకుపోతాయి, కోడ్ పాడవుతుంది, చివరికి ముక్కలుగా ఊడిపోతుంది.

ఆర్కిడ్లకూ బోడుకూ దగ్గరి బంధుత్వం లేదు. అయినా ఊడిపోయే వరుస మాత్రం దాదాపు ఒకటే. ముందు ఎన్‌డీహెచ్ అనే జీన్ల గుంపు పోతుంది. పచ్చగా ఉన్న ఆర్కిడ్లలోనే చాలావాటికి ఇవి లేవు. తర్వాత వెలుతురు పట్టే జీన్లు, ఆ తర్వాత మిగతావి.

మరి ఆ 5 కేబీలో ఏం మిగిలింది? కొవ్వు పదార్థాల తయారీకి కావాల్సిన జీన్ ఒకటి, పాడైన ప్రొటీన్లను కోసేసేది ఒకటి, వీటిని నడిపించే యంత్రాంగం. అంటే క్లోరోప్లాస్ట్ వంటిల్లు మాత్రమే కాదన్నమాట. వంట ఆగినా మూయడానికి వీల్లేని పనులు అక్కడ నడుస్తున్నాయి. పచ్చటి మొక్కలో కళ్లముందే ఉన్నా అంత తేలిగ్గా కనబడని ఈ సంగతిని, అన్నీ పోగొట్టుకున్న మొక్క చూపించింది.

రైతుకు దీనివల్ల ఒరిగేదేంటి? కిరణజన్య సంయోగక్రియను ఆపే కలుపు మందు బోడును ఏం చేయగలదు? అది దెబ్బకొట్టే భాగమే అందులో లేదు. కానీ వంటిల్లు పోగొట్టుకోవడం వల్ల బోడుకు పెద్ద బలహీనత వచ్చింది. పక్కన ఆతిథ్యమిచ్చే వేరు లేకపోతే అది బతకలేదు. అందుకే వేరు వదిలే రసాయన సంకేతం అందేదాకా విత్తనం మొలవదు, నేలలో ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంది. స్ట్రైగోలాక్టోన్లు అనే ఆ సంకేతాల్లో మొదటిదాన్ని 1966లో పట్టుకున్నది పత్తి వేళ్ల నుంచే! మేలుచేసే శిలీంధ్రాలను పిలవడానికి వేరు వాటిని వదులుతుందని 2005లో తెలిసింది. ఆ పిలుపును దొంగ మొక్క చాటుగా వింటోంది.

దొంగను మోసం చేసే దారీ అక్కడే ఉంది. పొగాకుకు ముందు జొన్న, నువ్వు, పెసర లాంటివి వేస్తే వాటి వేళ్ల సంకేతానికి బోడు విత్తనాలు మొలుస్తాయి. కానీ ఆ వేళ్లను పట్టుకోలేవు. సొంతంగా వండుకోవడం రాదు, కొద్ది రోజుల్లో చస్తాయి. నేలలో ఉన్న విత్తనాలు కొంత తగ్గుతాయి.

మిగిలినవి చేలో లేస్తే పూత రాకముందే పీకాలి. ఒక్క మొక్కను వదిలేసినా లక్షకు పైగా విత్తనాలు రాల్చగలదు, అవి పదేళ్లయినా చావవు. ఈ సీజన్‌లో ఊరెళ్లినప్పుడు చేలో పాలిపోయిన ఆ కాడ కనిపిస్తే ఫొటో తీసుకోండి, తప్పులేదు. తీశాక పీకేయండి. గట్టు మీద మాత్రం పడేయకండి, చేను బయటికి తెచ్చి తగలబెట్టండి.