ఆడపిల్ల చేతికి డప్పు అందాలి

ఏడుపాయల జాతరకు పోయినా, మెదక్ పట్టణంలో బోనాల ఊరేగింపు చూచినా డప్పు లేనిదే అడుగు ముందుకు పడదు. బోనమెత్తేది ఆడవారు. వారి ముందు నడుస్తూ డప్పు కొట్టేది సాధారణంగా మగవారే. తరతరాలుగా చూస్తున్నాం గనుక ఇదే లోకరీతి అనుకుంటున్నాం. ఆడవారి చేతికి తాళవాద్యం లొంగదా? లొంగుతుందని తెలుగు గడ్డమీద ఒకామె నిరూపించి చాలా కాలమైంది.

ఆమె నిడుమోలు సుమతి. 1950లో ఏలూరులో జన్మించారు. తండ్రి రాఘవయ్య మృదంగ విద్వాంసుడు. కచేరీ వేదికపై మృదంగం ముందు ఆడపిల్ల కూర్చుంటే వింతగా చూచే రోజుల్లో ఆయన కూతురిని కూర్చోబెట్టి పాఠం చెప్పారు. తరువాత ఆమె ప్రఖ్యాత విద్వాంసులు దండమూడి రామమోహనరావు గారి వద్ద శిష్యరికం చేసి, ఆ గురువునే వివాహమాడారు. దంపతులిద్దరూ జంటగా మృదంగ కచేరీలు చేశారు. 2021లో కేంద్ర ప్రభుత్వం సుమతి గారికి పద్మశ్రీ ప్రకటించింది.

సాధన ఆమెదే. కాని ఆ సాధనకు దారి చూపిన ఇద్దరినీ మరువరాదు. తాళవాద్యం పుస్తకం చూచి వచ్చే విద్య కాదు. వేలు ఎక్కడ పడాలో, మణికట్టు ఎంత వదలాలో గురువు ఎదుట కూర్చుని నేర్వవలసిందే. తప్పు పడినప్పుడు దిద్దాలి, లోకం నవ్వినప్పుడు వెనుక నిలవాలి.

మద్రాసులో సుకన్యా రాంగోపాల్ విషయమూ ఇటువంటిదే. ఘటం అంటే మట్టికుండ. దాన్ని పలికించడం ఆడపిల్లకు కష్టమని విక్కు వినాయక్‌రామ్ వంటి మహా విద్వాంసుడే మొదట సందేహించారు. ఆయన తండ్రి హరిహరశర్మ మాత్రం తానే నేర్పుతానని పూనుకున్నారు. ఆడ కళాకారిణి పక్కన వాయించడానికి కొందరు మగవారు వెనుదీసిన సందర్భాలనూ ఆమె ఓర్చుకున్నారు. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆమెను వరించింది. పెద్దాయన నాడు కాదని ఉంటే ఈ పేరు మనం వినేవాళ్లం కాదేమో.

ఇక మన సంగతి. డప్పును మంట సెగకు కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత సన్నని పుల్ల పట్టి దరువు వేయడం చిన్న విద్య కాదు. పెండ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, జాతరకు మరొకటి. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు, పెద్దల చేతుల్లో ఉన్నాయి. మణుగూరు ప్రాంతపు కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కన్నుమూశారు. అటువంటి పెద్దలు నేర్పకుండా పోతే వారితోపాటే విద్యా పోతుంది.

ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. డప్పు మోసిన కులంవారిని ఊరు గౌరవించలేదు. చావుకు వచ్చి కొట్టమని శాసించిందే గాని కూలి సరిగా ఇవ్వలేదు. అందుకే చదువుకున్న పిల్లలు డప్పు ముట్టడానికి వెనుదీశారు. వారిది తప్పనలేము. డప్పు వెట్టిగా కాక విద్యగా, అన్ని కులాల పిల్లలకు, ఆడ మగ తేడా లేకుండా నేర్పితేనే ఆ మచ్చ పోతుంది.

ఇందుకు కోట్లు అక్కరలేదు. ఊళ్లో దరువు తెలిసిన పెద్దమనిషిని వారానికి ఒకరోజు బడికి పిలిచి, ఆయన శ్రమకు తగిన గౌరవ వేతనం ఇస్తే చాలు. పంచాయతీలు, ప్రధానోపాధ్యాయులు, సాంస్కృతిక శాఖ అధికారులు ఈ దిశగా ఆలోచించాలి. తల్లిదండ్రులు కూడా "ఆడపిల్లకు ఇదేం పని" అనే మాట మానాలి.

ఆడపిల్ల డప్పు వైపు ఆశగా చూచినప్పుడు ఆ సిర్ర ఆమె చేతికి ఇచ్చే పెద్దమనసు ఊరికొకరికి ఉన్నా చాలు. ఏలూరులో ఒక తండ్రి చేసింది మెదక్‌లో మనం చేయలేమా?